మంచం పక్కన ఉన్న మనిషికి సర్కారు ఏమిస్తోంది?

"మా అత్త మంచాన పడ్డది. ఆమెను చూసుకోనీకి కంపెనీ పని ఇడిసిపెట్టిన. నా పేరు మీద ఏమన్న పైసలొస్తయా?" మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎంపీడీఓ ఆఫీసులోనో మీసేవలోనో ఒక కోడలు ఇలా అడిగితే ఉన్న జవాబు ఒక్కటే: రావు. లేవలేని మనిషిని ఇంట్లో చూసుకుంటున్నందుకు, ఆ చూసుకునే వ్యక్తి పేరు మీద నెలనెలా డబ్బిచ్చే పథకం తెలంగాణలో లేదు. ఇలాంటి ఇళ్లకు వచ్చే పింఛన్లు వయసుకో వైకల్యానికో జబ్బుకో ఇచ్చేవి. అవి జబ్బుపడ్డ మనిషి పేరు మీదే వస్తాయి. అన్నం తినిపించి, ఒళ్లు తుడిచి, రాత్రి లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషి ఏ జాబితాలోనూ ఉండదు. ఆమెకు సర్కారు డబ్బివ్వాలా, ఇస్తే ఎంత, ఏ లెక్కన అన్న ప్రశ్నకు మన దగ్గరా బయటా ఇప్పటిదాకా వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టి చూస్తున్నాను. ఇవ్వాలన్నదే నా అభిప్రాయం. ఎలా ఇవ్వాలన్న దగ్గరే చిక్కులున్నాయి.

ముందు ఇంటికి వస్తున్న డబ్బు సంగతి. ఆసరా పింఛన్లు 2014 నవంబరు 8న మొదలైనప్పుడు వృద్ధులకు వెయ్యి, వికలాంగులకు 1,500 రూపాయలు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. వికలాంగుల పింఛన్ 2023లో 4,016కు పెరిగింది. ఆ ఏడాది చివర్లో ఎన్నికలప్పుడు 'చేయూత' పేరుతో వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 ఇస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చి గెలిచింది. 2025 ముగిసేదాకా ఆ పెంపు రాలేదు. కేంద్రం వాటా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద 80 శాతం వైకల్యం ఉన్న మనిషికి కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు, అరవై దాటి ఎనభై నిండని వృద్ధులకు 200. ఆ అంకెలు ఏళ్ల తరబడి కదల్లేదు. తక్కిన బరువంతా రాష్ట్ర ఖజానా మీదే.

4,016 రూపాయలంటే రోజుకు దాదాపు 134. తెలంగాణలో 2025-26కు ఖరారు చేసిన ఉపాధి హామీ కూలి రోజుకు 307. మంచాన ఉన్న మనిషికి వచ్చేది ఒక కూలి రోజులో సగం కూడా లేదు. పెద్దల డైపర్లు, మందులు, ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు, ఆస్పత్రికి ఆటో, అన్నీ ఆ డబ్బులోంచే పోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, మంచి పనే. కానీ అది ఆస్పత్రి గడప లోపల జరిగే వైద్యానికి. డిశ్చార్జి చేసి, "ఇంటి దగ్గర జాగ్రత్తగా చూసుకోండి" అని పంపించాక మొదలయ్యే ఖర్చు, చాకిరీ పూర్తిగా కుటుంబానివే. ఏజెన్సీ నుంచి ఇంట్లో ఉండే అటెండెంట్‌ను పెట్టుకుందామంటే హైదరాబాద్ చుట్టుపక్కల నెలకు ఇరవై వేల మాట వినిపిస్తుంది. గేటెడ్ కమ్యూనిటీ ఇళ్లకు అది సాధ్యం కావచ్చు. రేకుల ఇళ్ల కిరాయిదార్లకు ఇంట్లోని ఆడమనిషే అటెండెంట్.

ఆ ఆడమనిషి ఖాళీగా ఉన్న మనిషి కాదు. ఈ ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు అది చెప్పక్కర్లేదు. గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతుల పార్కు ఉంది, మేడ్చల్‌లో పారిశ్రామికవాడ ఉంది, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలున్నాయి. షిఫ్టులకు, ప్యాకింగుకు, ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్ల సంపాదన మీద ఇక్కడ ఎన్నో ఇళ్లు నిలబడి ఉన్నాయి. ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చిందంటే ముందు ఆగిపోయేది ఆ సంపాదనే. మగవాడి జీతం కాస్త ఎక్కువ కాబట్టి ఆమే మానేస్తుంది. మానేశాక పోయేది నెల జీతం ఒక్కటే కాదు. పీఎఫ్ ఆగుతుంది, నెలకు 21,000 లోపు జీతగాళ్లకుండే ఈఎస్‌ఐ వైద్యం కూడా కొంతకాలానికి ఆగుతుంది. కన్నతల్లిని చూసుకోవడానికి పని మానేసిన కూతురి విషయంలో ఇది మరీ అన్యాయం. ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా ఈఎస్‌ఐ వైద్యం అందుతుంది. ఆ తల్లికి అది ఎక్కువ అవసరమైన రోజునే కూతురి చేతిలోంచి జారిపోతుంది.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్నారు, మగవాళ్లలో 21.4 శాతం. ఆ పనిలో ఉన్న ఆడవాళ్లు రోజుకు దాదాపు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇందులో పిల్లల పెంపకం కూడా కలిసి ఉంది కాబట్టి మంచాన పడ్డవాళ్ల సేవను ఇది విడిగా చూపదు. పూర్తిగా లేవలేని మనిషి ఉన్న ఇంట్లో గంటల లెక్క అడిగితే, "పొద్దుందాక, రాత్రంత" అనే సమాధానం వస్తుంది.

మన ఊళ్లలో ఈ సేవకు ప్రతిఫలం అసలు లేదని అనలేం. భూమి రూపంలో ఉంది. "ఎవరు చూసుకుంటే వాళ్లకే ఇల్లు" అన్న మాట పెద్దమనుషుల పంచాయితీల్లో మామూలే. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, జాగల ధరలు ఎకరం నుంచి గజాల లెక్కకు మారాక, మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో ఆ మాటకు చాలా బరువొచ్చింది. ముసలామె పేరు మీద రెండు వందల గజాల ప్లాటు ఉంటే సేవకు పోటీ పడతారు, ప్లాటు లేకపోతే వంతులు వేసుకుంటారు. ఇక్కడ రెండు అన్యాయాలున్నాయి. ఒకటి, చాకిరీ చేసేది కోడలు, ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యేది ఆమె భర్త పేరు మీద. రెండోది, వచ్చి చూసుకున్న కూతురికి మాట వరసకు కూడా వాటా దక్కదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది, దేశమంతటికీ 2005లో అది వచ్చింది. అయినా "పసుపు కుంకాలు ఇచ్చినం కదా" అని చెప్పి సంతకాలు పెట్టించుకోవడం ఆగలేదు. ఇక భూమి అమ్ముకున్నవాళ్లకు, ఎన్నడూ భూమి లేనివాళ్లకు, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చి కిరాయికుంటున్నవాళ్లకు ఆ ప్రతిఫలం కూడా లేదు. సేవకు ప్రతిఫలాన్ని వారసత్వానికే వదిలేసే పద్ధతి చాలామందికి వర్తించదు, వర్తించిన చోట చేసిన మనిషికి చేరదు.

సర్కారు సంగతికి వస్తే మొదటి అడ్డంకి కొలతలో ఉంది. సదరం క్యాంపులో డాక్టర్లు కొలిచేది శరీరంలో లోపం ఎంత శాతం అని. 40 శాతం దాటితే పింఛన్‌కు అర్హత. నలభై రెండు శాతం ఉండి తన పనులు తాను చేసుకుంటూ దుకాణం నడుపుకునే మనిషికీ, తొంభై శాతం ఉండి గ్లాసు నీళ్లు కూడా తానుగా తాగలేని మనిషికీ తెలంగాణలో పింఛన్ ఒకటే, 4,016. మొదటివారికి అది దక్కడం న్యాయమే. రెండోవారి పక్కన ఇరవై నాలుగు గంటలూ ఇంకో మనిషి ఉండాలన్న సంగతి ఆ కొలతలో ఎక్కడా పడదు. మతిమరుపు జబ్బు పరిస్థితి ఇంకా కష్టం. పార్కిన్సన్స్ వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉంది, డిమెన్షియా పేరు మాత్రం లేదు. రాత్రిపూట తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయే తండ్రికి కాపలా ఉండే కొడుక్కి వృద్ధాప్య పింఛన్ 2,016 తప్ప ఇంకో ఆధారం చూపించలేం.

నాకు చాలా బాధ కలిగించే విషయం శామీర్‌పేట మండలంలోనే ఉంది. 2010లో కేంద్రం డాక్టర్ సుధా కౌల్ అధ్యక్షతన వికలాంగుల హక్కుల కొత్త చట్టం ముసాయిదా కోసం కమిటీ వేసింది. దానికి న్యాయ సలహా ఇచ్చింది శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయ వికలాంగుల అధ్యయన కేంద్రం, ప్రొఫెసర్ అమితా ధండా నేతృత్వంలో. 2011లో ముసాయిదా కేంద్రం చేతికి వెళ్లింది. పార్లమెంటు 2016లో ఆమోదించిన రూపం దానికి చాలా దూరం జరిగింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా ఆ చట్టంలో రెండు గట్టి మాటలున్నాయి. జీతం తీసుకునీ తీసుకోకుండానూ వికలాంగుల బాగోగులు చూసే ఎవరైనా, తల్లిదండ్రులు, కుటుంబసభ్యులు సహా, సంరక్షకులేనని నిర్వచనంలోనే రాశారు. 24వ సెక్షన్‌లో, ఎక్కువ తోడ్పాటు అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని ప్రభుత్వాలకు చెప్పారు. ఆ అవసరాన్ని అంచనా వేసే బోర్డు గురించి 38వ సెక్షన్ ఉంది. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట కూడా చట్టంలో ఉంది. అయితే ఆ మాట వాయిదాకు దారి చూపుతుందే గానీ బాధ్యతను కొట్టేయదు. చట్టానికి మేధో శ్రమ చేసిన విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. 2022 ఆగస్టులో ప్రారంభమైన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ ఇదే మండలం అంతాయిపల్లిలో ఉంది. ఇన్నేళ్లయినా ఆ భత్యం ఈ చుట్టుపక్కల ఒక్క ఇంటి గడప ఎక్కలేదు.

పక్క రాష్ట్రాలు ఏం చేశాయి? ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 ఇస్తూ, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు 15,000 చేసింది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు 10,000. ఇది కూడా రోగి పేరు మీద వచ్చేదే. కానీ అవసరం పెరిగితే డబ్బు పెరగాలన్న సూత్రాన్ని తెలుగు నేల మీద ఇంత స్పష్టంగా ఇంకే పథకమూ ఒప్పుకోలేదు. పదిహేను వేలు వచ్చే ఇంట్లో ఒక మనిషి పని మానేసినా పొయ్యి వెలుగుతుంది. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మొత్తం పెద్దది కాగానే అనుమానమూ పెద్దదైంది. 2025లో వైకల్య ధ్రువపత్రాలను తిరిగి పరిశీలించి ఎందరికో నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనరు. కానీ నిజంగా లేవలేని మనిషిని మళ్లీ మళ్లీ ఆస్పత్రికి మోసుకెళ్లి చూపించాల్సి రావడం కుటుంబాలకు పెద్ద శిక్ష.

చూసుకునేవాళ్లకే ఇచ్చిన రాష్ట్రాల్లో కేరళ ముందుంది. అక్కడి ఆశ్వాసకిరణం పథకం మంచాన ఉన్నవాళ్లను చూసుకునేవారికి నెలకు 600 రూపాయలిస్తుంది. గుర్తింపు పెద్దది, మొత్తం చిన్నది, అదీ నెలల తరబడి బకాయిల్లో పడింది. కర్ణాటక 2024 బడ్జెట్‌లో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల సంరక్షకులకు నెలకు వెయ్యి ప్రకటించింది. ఈ రెండూ మనకు నేర్పేది: పేరు పెట్టి గుర్తించడం సాధ్యమే, కానీ ఆరు వందలకూ వెయ్యికీ ఎవరి జీవితమూ మారదు.

మన ప్రభుత్వాలు ఈ పనికి విలువ కట్టలేవన్న వాదన నిలవదు. హకీంపేట, అల్వాల్, బొల్లారం వైపు మాజీ సైనికుల కుటుంబాలను అడగండి. నూరు శాతం వైకల్యంతో రిటైరై, ఎప్పుడూ ఒకరు తోడుండాలని మెడికల్ బోర్డు తేల్చిన సైనికుడికి 'కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్' ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత అది నెలకు 6,750 అయింది. కోర్టులు కూడా లెక్క కట్టాయి. రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్న పన్నెండేళ్ల పాప కాజల్ కేసులో సుప్రీంకోర్టు 2020లో, జీవితాంతం ఇద్దరు అటెండెంట్లు కావాలని నెలకు తలా 5,000 చొప్పున కట్టి 21.6 లక్షలు ఇప్పించింది. 2021 జనవరిలో కీర్తి కేసులో గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం గురించి మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాశారు. ఆడవాళ్లు జీతం లేకుండా రోజుకు ఎన్ని గంటలు ఇంటిపని చేస్తున్నారో 2019 సమయ వినియోగ సర్వే అంకెలతో చూపించి, ఆ పనికి విలువ లేదనుకోవడం తప్పని చెప్పారు. అది ప్రమాదంలో చనిపోయిన గృహిణి కుటుంబానికి పరిహారం కట్టే కేసు. ఆ మనిషి బతికి ఉండి ఆ పని చేస్తున్నప్పుడు మాత్రం లెక్క లేదు.

బయటి దేశాల అనుభవాల్లో నాలుగు మనకు పనికొస్తాయి. బ్రిటన్ 1976లో సంరక్షకుల భత్యం పెట్టింది, కానీ పెళ్లయిన ఆడవాళ్లను మినహాయించింది. వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారన్నది ఆలోచన. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ అనే గృహిణి యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 1986లో గెలిచింది. "కోడలు ఇంట్లోనే ఉంటది కదా, ఆమెకు పైసలెందుకు" అని ఇక్కడ వినిపించే మాటకు ఆ కేసే జవాబు. అదే బ్రిటన్ తప్పు కూడా చూపించింది. ఒక పరిమితి దాటి పౌండు ఎక్కువ సంపాదిస్తే భత్యం మొత్తం పోయే నిబంధన వల్ల వేలమంది సంరక్షకులు ప్రభుత్వానికే బాకీ పడ్డారు. జర్మనీ 1995 నుంచి సంరక్షణ బీమా నడుపుతోంది. ఇంట్లోవాళ్లే చూసుకుంటే, అవసరం స్థాయిని బట్టి 2025లో నెలకు 347 నుంచి 990 యూరోల దాకా ఇచ్చింది. జపాన్ 2000లో బీమా తెచ్చినప్పుడు కుటుంబాలకు నగదు ఇవ్వకూడదని నిర్ణయించుకుంది. డబ్బిస్తే కోడళ్లను ఆ మంచానికే కట్టేస్తారని అక్కడి మహిళా సంఘాలు భయపడ్డాయి. అందుకే ఇంటికి వచ్చే సహాయకులను, పగటి కేంద్రాలను ఇచ్చింది. కాలిఫోర్నియాలో ఐహెచ్‌ఎస్‌ఎస్ అనే కార్యక్రమం కింద కొడుకూ కూతురూ భార్యాభర్తలూ కూడా గంటల లెక్కన కూలి తీసుకోవచ్చు. కౌంటీ ఉద్యోగి ఇంటికి వచ్చి స్నానం, తిండి, బట్టలు, మరుగుదొడ్డి ఒక్కొక్క పనికి ఎంత సమయం పడుతుందో చూసి గంటలు ఖరారు చేస్తాడు, నెలకు గరిష్ఠంగా 283. అమెరికాకు వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఒక కూతురు అక్కడ అమ్మను చూసుకుంటూ ఆ కూలికి అర్హురాలు కావచ్చు. శామీర్‌పేటలో నాన్నను చూసుకునే ఆమె అక్కకు అలాంటి దారే లేదు.

జపాన్ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన ఇళ్లల్లో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. భత్యం వస్తోంది కాబట్టి పెద్ద కోడలే చేయాలని, చదువు మానేసి మనవరాలే కూర్చోవాలని తీర్పులు చెప్పే ఇళ్లున్నాయి. కానీ డబ్బివ్వకపోతే వాళ్లు బయటపడతారా? ఇప్పుడు ఒక్క రూపాయి రాకపోయినా వాళ్లే కూర్చుంటున్నారు. కాబట్టి డబ్బూ కావాలి, చెయ్యందించే మనుషులూ కావాలి. తెలంగాణ వైద్య శాఖకు పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ఆలన వాహనాలు ఉన్నాయి. అవి ఎక్కువగా క్యాన్సర్ లాంటి జబ్బుల చివరి దశకు. వాటిని పక్షవాతం ఇళ్లకూ విస్తరించవచ్చు. బోయినపల్లిలోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ, మేడ్చల్ రోడ్డు పట్టుకుంటే దూరమేమీ కాదు. తల్లులకు, చూసుకునేవాళ్లకు శిక్షణ అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. వారానికి ఒక పగలు మంచాన ఉన్న మనిషిని అప్పగించి ఆమె బ్యాంకుకో డాక్టరుకో వెళ్లొచ్చే చోటు మండలానికి ఒకటి ఉన్నా పెద్ద ఊరట. కొలత మాత్రం క్యాంపులో కాకుండా ఇంట్లో జరగాలి, శాతాల్లో కాకుండా గంటల్లో జరగాలి. భత్యం చూసుకునే మనిషి సొంత ఖాతాలోనే పడాలి.

మేడ్చల్, తూంకుంట, గుండ్లపోచంపల్లి మున్సిపాలిటీలు 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. దరఖాస్తు ఏ ఆఫీసులో ఇవ్వాలన్నదే ఇప్పుడు చాలామందికి అయోమయం. భత్యం వచ్చేలోగా అందుబాటులో ఉన్నవి కొన్ని చెప్పాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్టు 'నిరామయ' బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది, ఆస్పత్రిలో చేరకపోయినా. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు పాత విధానంలో 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 తగ్గింపు ఉంది. పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి అది అక్కరకు రాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం మాత్రం ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కువ వాడుకోవాల్సినది. చూసుకోని పిల్లల మీద ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు తల్లి దరఖాస్తు పెడితే నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు, వకీలు అక్కర్లేదు. ఒక కూతురు చూసుకుంటుంటే, నగరంలో ఉన్న ఇద్దరు కొడుకులతో డబ్బు కట్టించడానికి ఇదే దారి. చూసుకుంటామని షరతు రాసి ప్లాటు రాయించుకుని ఆ తర్వాత వదిలేస్తే 23వ సెక్షన్ కింద ఆ దానపత్రాన్ని రద్దు చేయించవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించుకోవడం మరచిపోకూడదు.

ఇంకొక విషయం మన చర్చల్లో అసలు రావడం లేదు. మంచాన ఉన్న మనిషి కన్నుమూసిన తర్వాత పింఛన్ ఆగిపోతుంది, అది సహజం. చూసుకున్న మనిషికి అప్పుడు నలభై అయిదో యాభయ్యో ఏళ్లుంటాయి. పదేళ్లుగా పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, కంపెనీలు ఆ వయసులో కొత్తగా తీసుకోవు, చూసుకున్నన్నాళ్లు వంగి లేపీ లేపీ నడుం పోయి ఉంటుంది. బ్రిటన్‌లో రోగి చనిపోయాక ఎనిమిది వారాల దాకా సంరక్షకుల భత్యం వస్తుంది. జర్మనీలో వారానికి కనీసం పది గంటలు చూసుకున్న కుటుంబసభ్యుల పేరు మీద సంరక్షణ బీమా వాళ్ల పింఛన్ నిధికి చందా కడుతుంది. తెలంగాణ భత్యం పెట్టే రోజున దానితోపాటు ఆ చందా కూడా మొదటి నెల నుంచే ఆమె పేరు మీద జమ కావాలి. ఆ మొత్తం ఎంతన్నది రాష్ట్రమే తేల్చుకోవచ్చు.